పడవలో సామాను ఎక్కడ కట్టాలి?

చిన్న కొయ్య పడవ ఒకటి బోల్తా పడిందనుకుందాం. చాలా రకాల కొయ్య నీటికన్నా తేలిక. అందువల్ల నిండా నీళ్లు చేరినా పడవ తేలుతూనే ఉంటుంది. కాని తెడ్డు, నీళ్లు తోడే డబ్బా కొట్టుకుపోతే పడవను పట్టుకొని తేలుతున్న మనిషి ఏం చేయగలడు? నీళ్లు తోడలేడు, ఒడ్డుకు చేరలేడు. అందుకే సామాను పడవకు కట్టి ఉంచాలి. ఒక మేకు కొట్టి దానికి కట్టేస్తే చాలదా? చాలదు! ఎందుకో చూద్దాం.

మూత బిగించిన 20 లీటర్ల ఖాళీ డబ్బా బరువు 1 కిలో అనుకోండి. నీట మునిగితే అది 20 కిలోల నీటిని తొలగిస్తుంది. ఆర్కిమెడీస్ సూత్రం ప్రకారం అది 19 కిలోల బలంతో పైకి తన్నుతుంది. దాన్ని అణచిపెట్టవలసింది దానిమీదుగా వేసిన తాడే.

తాడు రెండు కొసలూ దూరంగా, డబ్బా పైభాగానికి కొంచెమే కిందగా కట్టామనుకోండి. తాడు దాదాపు అడ్డంగా ఉంటుంది. అది అడ్డానికి 10 డిగ్రీల వాలులోనే ఉంటే ఒక్కొక్క కొస మీద సుమారు 55 కిలోల లాగుడు పడుతుంది! వాలు 30 డిగ్రీలైతే 19 కిలోలే. తాడు డబ్బా పక్కగా నిట్టనిలువుగా దిగితే తొమ్మిదిన్నర కిలోలు చాలు. కారణం? అడ్డంగా లాగే బలాలు ఎదురెదురుగా ఉండి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. డబ్బాను అణచేది కిందికి లాగే భాగం మాత్రమే. కనుక కట్టే చోటు సామానుకు దగ్గరగా, వీలైనంత దిగువన ఉండాలి.

ఇక మేకు సంగతి. నిలువునా లాగినప్పుడు మేకును పట్టి ఉంచేది కొయ్య నారల రాపిడే. కొయ్య తడిసినప్పుడు ఉబ్బుతుంది, ఆరినప్పుడు కుంచించుకుపోతుంది. ఇలా కొన్నాళ్లు జరిగేసరికి పట్టు సడలుతుంది. ఉప్పునీటిలో ఇనుము తుప్పు కూడా పడుతుంది.

మంచి ఉపాయం ఇది. పడవ లోపల పక్కటెముకల్లా ఉండే దళసరి కొయ్యలకు రంధ్రం చేసి, తాడు దూర్చి ఉచ్చులా ముడి వేయాలి. అప్పుడు లాగుడు బలం మేకు మొన మీద కాక కొయ్య మందం మీద పడుతుంది. రంధ్రం అంచుకు మరీ దగ్గరైతే కొయ్య నారల వెంట చీలిపోతుంది. రంధ్రం అంచులు గుండ్రంగా అరగదీస్తే తాడు కోసుకుపోదు. పడవ అడుగు పలకకు మాత్రం రంధ్రం చేయకూడదు సుమా!

తాళ్లను నమ్ముకోవడం మన తీరానికి కొత్త కాదు. కోరమాండల్ తీరంలోని మసూలా పడవల పలకలను మేకులు లేకుండా కొబ్బరిపీచు తాళ్లతోనే కుట్టేవారు. అలల దెబ్బకు పడవ కాస్త వంగేది గాని విరిగేది కాదు.

సామాను కట్టేది ఒక కొస లాగగానే విడిపోయే ముడితో ఉండాలి. లైఫ్ జాకెట్టును పడవకు కట్టకూడదు, ఒంటికి తొడుక్కోవాలి. మనిషిని ఎన్నడూ పడవకు కట్టకూడదు.

ఈ ప్రయోగం చేసి చూడండి. తాడు మధ్యలో పుస్తకాల సంచి వేలాడదీసి, మీరొక కొస, మీ స్నేహితుడొక కొస పట్టుకొని లాగండి. తాడును పూర్తిగా తిన్నగా చేయగలరేమో చూడండి. ఎంత బలవంతులైనా మీ వల్ల కాదు!