ఖరగ్‌పూర్ నేర్పవలసిన పాఠం

జైలు నియమావళి సామాన్యంగా ఎవరూ తెరచి చూచే గ్రంథం కాదు. 2024 అక్టోబరు 3వ తేదీన సుప్రీంకోర్టు దానిని తెరచి చూచింది. ఖైదీలకు పని అప్పగించడంలోను, బసలు కేటాయించడంలోను కులాన్ని పాటించే నిబంధనలు రాజ్యాంగ విరుద్ధమని ఆనాడు తీర్పు చెప్పింది. సుకన్య శాంత అనే పాత్రికేయురాలు వేసిన పిటిషన్‌పై వెలువడిన ఈ తీర్పులో పశ్చిమ బెంగాల్ నియమావళిలోని ఒక నిబంధన ప్రస్తావనకు వచ్చింది. రాత్రి కాపలాకు ఖైదీలలో నుండి ఎవరినైనా నియమించేటప్పుడు, పారిపోవడం సహజ స్వభావంగా గల సంచార తెగలవారిని తీసుకొనరాదని దాని సారాంశం.

ఒక మనిషి ఏమి చేసినాడో చూడక, ఎక్కడ పుట్టినాడో చూచి వాని స్వభావాన్ని నిర్ణయించే ఈ పద్ధతి మనకు ఆంగ్లేయుల నాటి నుండి సంక్రమించింది. 1871లో వారు నేరస్థ జాతుల చట్టం చేశారు. ఆ పట్టికలో చేరిన తెగలో పుట్టిన శిశువు పుట్టుకతోనే అనుమానితుడు. పోలీసుల వద్ద పేరు నమోదు చేయించుకొనవలె. ఊరు దాటాలంటే అనుమతి చీటీ పొందవలె. 1911లో ఈ చట్టం మద్రాసు రాజధానికి వచ్చింది. దాని ఫలితమే మన స్టూవర్టుపురం. సాల్వేషన్ ఆర్మీ పర్యవేక్షణలో ఎరుకల కుటుంబాలను అచ్చట స్థిరపరచి, వారిపై నిఘా ఉంచారు. స్వతంత్ర భారత ప్రభుత్వం 1952 ఆగస్టు 31న ఆ చట్టాన్ని రద్దు చేసింది. చట్టం పోయింది గాని ఆ పేరు పోలేదు. పుస్తకాలలో నిలిచింది, అంతకు మించి మనసులలో నిలిచింది.

ఎంతగా నిలిచిందో తెలియాలంటే రాజధాని వదలి ఖరగ్‌పూర్ దాకా వెళ్ళవలసి ఉంటుంది.

ఖరగ్‌పూర్ పేరు తెలుగు పాఠకులకు కొత్త కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి వేలాది కుటుంబాలు ఉద్యోగాల కోసం ఆ ఊరు చేరాయి. కార్ఖానాలోను, లోకో షెడ్డులోను, రైల్వే క్వార్టర్లలోను మూడు నాలుగు తరాలుగా తెలుగు వినిపిస్తున్నది. 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష ప్రతిపత్తి కల్పించాలని పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం నిర్ణయించడానికి ఈ జనసంఖ్యయే ముఖ్య కారణం. బెంగాలీ, తెలుగు, హిందీ, ఒరియా మాట్లాడేవారు ఒకే వీధిలో కాపురముండే ఊరది. దాని చుట్టుప్రక్కల మేదినీపూర్ అడవి గ్రామాలలో లోధా శబరులు నివసిస్తున్నారు. 1871 నాటి చట్టం కింద నేరస్థులని ముద్రపడిన తెగలలో వారిదొకటి. చట్టం రద్దయిన తరువాత కూడ, ఊరిలో దొంగతనం జరిగితే మొదట లోధాలనే పట్టుకొని కొట్టడం, ఒక్కొక్కసారి మూకగా కూడి చంపడం జరుగుతూ వచ్చిందని మహాశ్వేతాదేవి ఎంతో కాలం పాటు వ్రాస్తూ వచ్చారు.

ఆ లోధాలలో చూనీ కోటాల్ అనే బాలిక 1965లో జన్మించింది. కటిక పేదరికంలో చదువుకొని, 1985లో పట్టభద్రురాలైంది. లోధా శబర స్త్రీలలో మొట్టమొదటి పట్టభద్రురాలు ఆమెయే. మేదినీపూర్‌లో షెడ్యూల్డు కులాల, తెగల బాలికల వసతి గృహానికి సూపరింటెండెంటుగా పనిచేసింది. తరువాత విద్యాసాగర్ విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం ఎం.ఎస్సి.లో చేరింది. మనుషులందరి పుట్టుపూర్వోత్తరాలను సమదృష్టితో పరిశీలించవలసిన శాస్త్రమది. ఆ తరగతిలోనే, నేరస్థ జాతిలో పుట్టినదానికి ఈ చదువు ఎందుకని ఒక అధ్యాపకుడు తనను అవమానించేవాడని, హాజరైనా గైరుహాజరు వేసేవాడని ఆమె ఫిర్యాదు చేసింది. 1991లో విచారణ సంఘం ఏర్పడింది గాని ఆమెకు ఊరట కలుగలేదు. రెండు విద్యా సంవత్సరాలు వ్యర్థమయ్యాయి. 1992 ఆగస్టు 16న, తన భర్త రైల్వే కార్ఖానాలో పనిచేసే ఖరగ్‌పూర్‌లో, 27 ఏళ్ళ వయసులో ఆమె తన ప్రాణం తానే తీసుకొన్నది.

ఇది న్యాయస్థానం నేర నిర్ధారణ చేసిన వ్యవహారం కాదు. కనుక ఆరోపణలను ఆరోపణలుగానే చెప్పడం ధర్మం. అయినా విద్యార్థులకు ద్వేషనేరాలను గురించి బోధించదలచిన ఉపాధ్యాయునికి ఇంతకంటె దగ్గరి ఉదాహరణ దొరకదు. ఎందుకనగా ద్వేషం కర్రతోను, తుపాకితోను మాత్రమే ప్రారంభం కాదు. ఒక పేరుతో, ఒక పరిహాసంతో, హాజరు పట్టీలో ఒక గీతతో ప్రారంభమవుతుంది. ఆ దశలో ఆపగలిగినది తోటి విద్యార్థులు, తోటి అధ్యాపకులు మాత్రమే.

చూనీ మరణానంతరం బెంగాలు కదిలింది. మహాశ్వేతాదేవి అదే నెలలో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఆమె కథను దేశానికి తెలియజేశారు. దళిత రచయితలు కలకత్తా వీధులలో నిరసన తెలిపారు. 1998 ఫిబ్రవరిలో పురూలియాలో బుధన్ శబర్ అనే ఖేడియా శబరుడు పోలీసు నిర్బంధంలో మరణించినప్పుడు ఆ కదలిక మరింత పదునెక్కింది. శబరుల సంక్షేమ సమితి హైకోర్టుకు వెళ్ళగా, ఆ జూలైలో కోర్టు నష్టపరిహారం చెల్లించాలని, సి.బి.ఐ. దర్యాప్తు జరపాలని ఆదేశించింది. ఆ వార్త గుజరాత్ దాకా వెళ్ళింది. అహమ్మదాబాదులోని ఛారానగర్‌లో అదే ముద్ర మోస్తూ పెరిగిన ఛారా యువకులు బుధన్ కథను నాటకంగా ఆడారు. బుధన్ థియేటర్ అనే వారి నాటక బృందం పుట్టినది అలాగే. తమను దొంగలని పిలిచే సమాజం ఎదుట నిలబడి, తమ కథను తామే చెప్పడం వారు ఎన్నుకొన్న సమాధానం.

మన తెలుగువారికి ఈ విషయం మరొక దారిన అనుభవానికి వచ్చింది. 2017 ఫిబ్రవరి 22న అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం ఒలేతా పట్టణంలో, నా దేశం విడిచి పొమ్మని కేకలు వేసిన ఒక వ్యక్తి హైదరాబాదుకు చెందిన ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను కాల్చి చంపాడు. శ్రీనివాస్ మిత్రుడు మాడసాని అలోక్ గాయపడ్డాడు. హంతకుని అడ్డుకొనబోయిన ఇయాన్ గ్రిలట్ అనే అమెరికన్ యువకుడు కూడ గుండు దెబ్బ తిన్నాడు. 2018లో హంతకునికి హత్యకు ఒకసారి, ద్వేషనేరానికి మరొకసారి యావజ్జీవ శిక్ష పడింది. భార్య సునయన శోకంలో మునిగిపోక, వలస వచ్చినవారి పక్షాన మాట్లాడే సంస్థను స్థాపించింది. హ్యూస్టన్‌లోని భారతీయులు గ్రిలట్ ఇల్లు కొనుక్కొనేందుకు లక్ష డాలర్లు సమకూర్చారు. ఆనాడు తెలుగు ఇంటింటా వినిపించిన ప్రశ్న ఒకటే: ఆ కుర్రవాడు చేసిన తప్పేమిటి? ఆ ప్రశ్ననే లోధా పిల్ల విషయంలోను, స్టూవర్టుపురం పిల్లవాని విషయంలోను మనం వేసుకొన్నామా?

ఇందులో పత్రికలవారు కూడ నిర్దోషులు కారు. ఒక ఊరి పేరునే దొంగతనానికి పర్యాయపదంగా శీర్షికలలో వాడిన కాలముంది. 1991లో ఆ ఊరి పేరుతోనే సినిమాలు వచ్చాయి. ఆ ఊరి నుండి చదువుకొని ఉద్యోగం కోరి వెళ్ళిన యువకుడు తన చిరునామా చెప్పడానికి ఎందుకు జంకవలె అని వ్రాసినవారు తక్కువ.

రాజధానిలో చట్టాలకు, సిఫార్సులకు కొరత లేదు. షెడ్యూల్డు కులాలపైన, తెగలపైన అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. 2014 జనవరిలో అరుణాచల్ విద్యార్థి నిడో తానియా ఢిల్లీ లజపతినగర్‌లో దెబ్బలు తిని మరణించిన పిమ్మట ఏర్పడిన బెజ్‌బరువా సంఘం, ఈశాన్య ప్రాంత చరిత్రను పాఠ్యపుస్తకాలలో చేర్చాలని సిఫార్సు చేసింది. విశ్వవిద్యాలయాలలో వివక్షను అరికట్టాలని 2019లో ఇద్దరు తల్లులు, మన గుంటూరుకు చెందిన వేముల రాధిక, మహారాష్ట్రకు చెందిన ఆబెదా తడ్వీ, సుప్రీంకోర్టు తలుపు తట్టారు. ఇద్దరూ చదువుకొనే బిడ్డలను పోగొట్టుకొన్నవారే. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 103వ సెక్షన్, ఐదుగురు లేక అంతకు మించినవారు కూడి జాతి, కులం, పుట్టిన చోటు, భాష వంటి కారణాలతో చేసే హత్యను ప్రత్యేకంగా పేర్కొన్నది. కాని శిక్షాస్మృతి నేరం జరిగిన తరువాత వస్తుంది. పాఠం అంతకు ముందే రావలె.

ఆ పాఠం ఎట్లుండవలె? ఉపన్యాసంతో పని లేదు. 1871 నాటి చట్టాన్ని, 1952 నాటి రద్దును, 2024 నాటి తీర్పును వరుసగా పిల్లల ముందుంచి, ఈ మూడింటి మధ్య మారినదేమి, మారనిదేమి అని అడిగితే చాలు. చూనీ తరగతిలో మీరు కూర్చొని ఉంటే ఆమె ఫిర్యాదుపై మీరు సంతకం చేసేవారా అని అడగవచ్చు. అయితే ఒక జాగ్రత్త అవసరం. తరగతిలో లోధా పిల్లవాడో, ఎరుకల పిల్లవాడో ఉంటే, వానిని లేపి నిలబెట్టి ఉదాహరణగా చూపరాదు. వాడు మాట్లాడదలచినప్పుడు వినడం, మాట్లాడనప్పుడు వాని మౌనాన్ని గౌరవించడం కూడ ఆ పాఠంలో భాగమే.

తాతల నాడు పొట్ట చేతపట్టుకొని పరాయి భాషల నడుమ కాపురం పెట్టిన ఖరగ్‌పూర్ తెలుగువారికి, పుట్టిన చోటును బట్టి మనిషిని తూచడం ఎంత అన్యాయమో ఒకరు చెప్పనక్కరలేదు. ఆ రైల్వే క్వార్టర్ల పిల్లలు తమ బడిలో ఏ ఆగస్టు 16ననైనా చూనీ కోటాల్ పేరు తలచుకొన్నట్లయితే, అది బెంగాలీల చరిత్రను తలచుకొన్నట్లు కాదు. తమ ఊరి చరిత్రను తాము తెలుసుకొన్నట్లు.