ధర్మగుండం కథ - స్పర్శ లేని మచ్చ

మా కోనరావుపేట నుంచి వేములవాడ ఎంతో దూరం కాదు. ఈ ప్రాంతంలో పిల్లవాడికి జ్వరం వచ్చినా, పంట చేతికొచ్చినా ముందుగా తలచుకునేది రాజన్ననే. మొక్కుకున్నవారు కోడెను పట్టుకొని గుడి చుట్టూ తిరిగి, దానిని అక్కడ కట్టివేసి వస్తారు. దీనినే ‘కోడె మొక్కు’ అంటారు. 2016లో ఏర్పడిన మా జిల్లా పేరులో కూడా రాజన్న ఉన్నాడు.

వేములవాడ ఒకప్పుడు రాజధాని. ఎనిమిదవ శతాబ్దం నుంచి పదవ శతాబ్దం దాకా వేములవాడ చాళుక్యులు ఈ సీమను పాలించారు. కన్నడ ఆదికవి పంపడు ఈ వంశానికి చెందిన రెండవ అరికేసరి ఆస్థానంలో ఉండేవాడు. రాజరాజేశ్వరాలయం పక్కనున్న కోనేరే ధర్మగుండం. దర్శనానికి ముందు భక్తులు అందులో స్నానం చేయడం ఆనవాయితీ.

ఈ గుండాన్ని గురించి ఒక కథ ఉంది. నరేంద్రుడనే రాజు వేటాడుతూ పొరపాటున ఒక ముని కుమారుని చంపాడట. ఆ పాపానికి అతనికి కుష్టువ్యాధి సోకింది. తీర్థాలు తిరుగుతూ ఇక్కడికి వచ్చి, గుండంలో స్నానం చేయగానే వ్యాధి మాయమైందట. ఆ రాత్రి శివుడు కలలో కనిపించి, నీటి అడుగున ఉన్న లింగాన్ని తీసి గుడి కట్టించమన్నాడట.

కొన్నేళ్ల కిందట ఈ కథ నా తరగతి గదిలోకే వచ్చింది. తొమ్మిదవ తరగతి అబ్బాయి ఒకడు వేడి టీ గ్లాసును మోచేతికి ఆనించుకొని నిలబడ్డాడు. చర్మం కందిపోయింది. వాడికి మాత్రం తెలియనే లేదు! చూస్తే అక్కడ రూపాయి బిళ్లంత పాలిపోయిన మచ్చ. తండ్రిని పిలిపించాను.

“రాజన్నకు మొక్కినం సారూ. ధర్మగుండంల తానం చేపిస్తే పోతది గద!” అన్నాడాయన.

నేనేం చెప్పాలి? దానికి ముందు మీకు కొంత విజ్ఞానం చెప్పాలి.

నిదానపు శత్రువు

కుష్టు శాపం వల్ల వచ్చేది కాదు, వంశపారంపర్యమూ కాదు. దానికి కారణమైన సూక్ష్మక్రిమిని 1873లో నార్వే దేశపు వైద్యుడు హాన్సెన్ కనుగొన్నాడు. అన్ని అనుకూలాలూ ఉంటే మన పేగులలోని కొన్ని బాక్టీరియాలు 20 నిమిషాలకొకసారి రెండుగా చీలుతాయి. కుష్టు క్రిమికి అదే పనికి సుమారు 14 రోజులు పడుతుంది. లెక్క వేయండి: దాదాపు వెయ్యి రెట్లు నిదానం! అందుకే అది శరీరంలో ప్రవేశించాక వ్యాధి బయటపడటానికి సగటున అయిదేళ్లు, ఒక్కొక్కప్పుడు ఇరవై ఏళ్లు కూడా పట్టవచ్చు.

మన శరీరం లోపలి వేడి 37 డిగ్రీలు. ఈ క్రిమి అంతకంటె నాలుగైదు డిగ్రీలు తక్కువ వేడిలో బాగా పెరుగుతుంది. కనుకనే చల్లగా ఉండే ముక్కు, చెవులు, చర్మం, చర్మానికి దగ్గరగా ఉండే నరాలలో కాపురం పెడుతుంది. నరం దెబ్బతింటే స్పర్శ పోతుంది. కాలినా, కోసుకున్నా నొప్పి తెలియదు. పుండ్లు పడతాయి, వేళ్లు వంకరపోతాయి. నొప్పి మనకు శత్రువు కాదు, కావలివాడు!

మరి రాజుకు ఎలా నయమైంది?

మంచి ప్రశ్న. మన ఆయుర్వేద గ్రంథాలలో ‘కుష్ఠం’ అనేది ఒక్క వ్యాధి పేరు కాదు. అందులో పద్దెనిమిది రకాల చర్మవ్యాధులను చెప్పారు. వాటిలో తమంతట తామే తగ్గేవి కూడా ఉండవచ్చు. అసలు కుష్టులోనే తొలిదశ మచ్చలు కొందరిలో వాటంతటవే మాయమవుతాయి. ఒకరు స్నానం చేశారు, మచ్చ పోయింది. అంతమాత్రాన స్నానం వల్లనే పోయిందనవచ్చునా? స్నానం చేయని వారిలో ఎందరికి పోయిందో కూడా చూడాలి కదా! పైగా నీరు చర్మం మీది మురికిని కడుగుతుంది కాని, నరంలో దాగిన క్రిమిని చేరలేదు.

దానిని చేరేది మందు. 1915లో నిజామాబాద్ దగ్గరి డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే స్కాట్లండ్ వైద్యురాలు కుష్టు ఆసుపత్రి నెలకొల్పినప్పుడు చాల్‌మోగ్రా నూనే ఆధారం. 1940లలో డాప్సోన్ వచ్చింది. క్రమంగా క్రిములు దానికి లొంగడం మానేశాయి. అందుకని 1981లో ప్రపంచ ఆరోగ్యసంస్థ రెండు మూడు మందులను కలిపి ఇవ్వాలని సూచించింది. ఒక మందును తప్పించుకున్న క్రిమి రెండవదానికి దొరుకుతుంది. వ్యాధి తీవ్రతను బట్టి ఆరు నెలలో, పన్నెండు నెలలో వాడితే నయమవుతుంది. ప్రభుత్వ ఆసుపత్రులలో ఈ మందులు ఉచితం.

2005 చివరికి మన దేశంలో రోగుల సంఖ్య పదివేల మందిలో ఒకరి కంటె తగ్గింది. అయినా ఏటా లక్షకు పైగా కొత్త రోగులు బయటపడుతూనే ఉన్నారు. కుష్టును విడాకులకు కారణంగా చూపే వీలును మన చట్టాల నుంచి తొలగించింది 2019లోనే! క్రిమి కంటె భయమే మొండిది. నిజానికి చాలామందికి ఈ క్రిమిని ఎదుర్కొనే శక్తి పుట్టుకతోనే ఉంటుంది. చికిత్స మొదలైన రోగి వల్ల ఇతరులకు సోకే భయం ఉండదు.

ఆ తండ్రితో నేనన్నది ఇంతే: “రాజన్న మొక్కు తప్పక చెల్లించండి. కాని ముందు దవాఖానకు పోదాం.” ఇద్దరం కలిసి పిల్లవాణ్ణి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్లాం. కళ్లు మూసుకోమని, దూది పోగుతో మచ్చను తాకి చూశారు. వాడు తాకిన చోటు చెప్పలేకపోయాడు. ఆరు నెలలు మందు మింగాడు. వ్యాధి నయమైంది. ఆ తర్వాత తండ్రీ కొడుకులు కోడెను కట్టి, నాకు ప్రసాదం తెచ్చి ఇచ్చారు.

ఆ ఆరు నెలలూ వాడు ముందు బెంచీలో, తన స్నేహితుల మధ్యనే కూర్చున్నాడు. ధర్మగుండం కథను మరొకసారి గుర్తు చేసుకోండి. అందులో వ్యాధిగ్రస్తుడైన రాజును దేవుడు తరిమివేయలేదు. దగ్గరకు పిలిచి, గుడి కట్టే పని అప్పగించాడు.

విద్యార్థులారా! మీ ఇంట్లో ఎవరి ఒంటిమీదనైనా పాలిపోయిన లేక ఎర్రబారిన మచ్చ ఉండి, దానిమీద స్పర్శ తెలియకపోతే దాచవద్దు. వెంటనే ఆరోగ్య కేంద్రంలో చూపించండి.