గత్తర, గోల్‌పోస్టు: ఆపదను సామాన్యుడు అర్థం చేసుకున్న తీరు

కరోనా కాలం మీద తెలుగులో వచ్చిన కవితలూ కథలూ తక్కువేమీ కాదు. 2020 మార్చి మొదలు రెండేళ్ల పాటు మన పత్రికలు వాటితో నిండిపోయాయి. వలస కూలీ నడక, ఆక్సిజన్ అందని ఊపిరి, నలుగురు మోయడానికి కూడా నోచుకోని శవం - ఇవన్నీ సాహిత్య వస్తువులయ్యాయి. రావలసిన రచనలే అవి. అయితే వాటిని ఒక వరుసలో పెట్టి చదివినప్పుడు నాకొక లోటు కనిపించింది. ఆ రచనల్లో చాలావాటిలో సామాన్యుడు బాధపడతాడు, భయపడతాడు, మోసపోతాడు. కాని ఆలోచించడు. ముందెన్నడూ ఎరుగని ఆపద మీద పడినప్పుడు అతను తనకున్న ఏ తెలివితో దాన్ని కొలిచాడు, ఏ పోలికతో దాన్ని పట్టుకోజూశాడు అన్న ప్రశ్నను మనం వేసుకోవలసినంతగా వేసుకోలేదు.

ఈ ప్రశ్నకు నాకు కొంత జవాబు ఎదురుచూడని చోట దొరికింది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న కొందరు కుర్రవాళ్ల మాటల్లో దొరికింది. వీళ్లలో ఎక్కువమంది ఒకప్పుడు నా దగ్గర తెలుగు పాఠం విన్నవాళ్లు. మా పాలమూరులో ఊరూరా ఆడే ఆటలు కబడ్డీ, వాలీబాల్, క్రికెట్. ఫుట్‌బాల్ ఇక్కడ అల్పసంఖ్యాకుల ఆట. అయినా హైదరాబాదుకు ఆ ఆటతో ఉన్న బంధం చిన్నది కాదు. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ పోలీసు జట్టూ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దేశానికి బంగారు పతకం తెచ్చిపెట్టిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీమూ ఈ నేల మీది నుంచి వచ్చినవారే. నేటి కుర్రవాళ్లకు ఆ చరిత్ర తెలియకపోవచ్చు. హాస్టల్ గదిలో నలుగురు ఒకే సెల్‌ఫోను ముందు తలలు దగ్గర పెట్టుకుని, రాత్రి ఒంటిగంటన్నరకు యూరప్ ఆటలు చూస్తూ పెరిగినవాళ్లు వీళ్లు.

ముందుగా ఒక మాట చెప్పుకోవాలి. అంటువ్యాధిని అర్థం చేసుకోవడానికి మా ప్రాంతపు పెద్దలకు పాత మాటలు సిద్ధంగా ఉన్నాయి. కలరాను ఇక్కడ గత్తర అంటారు. తిట్లలో కూడా మిగిలిపోయిన మాట అది. మశూచి వస్తే అమ్మవారు పోసిందనేవారు. గత్తర అన్న ఒక్క మాటలోనే ఏం చేయాలో కూడా ఇమిడి ఉంది: ఊరు విడిచి చేన్లకు పోవాలి, గుడిసెలు వేసుకోవాలి, తగ్గాక తిరిగి రావాలి. తరాల అనుభవం ఆ మాటలో పేరుకుని ఉంది. కుర్రవాళ్ల దగ్గర ఆ అనుభవం లేదు. వాళ్ల దగ్గరున్నది ఆట ఒక్కటే. కాబట్టి వాళ్లు ఆటతోనే ఆలోచించారు.

వ్యాధిని వీళ్లు మొదట ఎట్లా నమ్మారన్నది గమనించదగ్గ విషయం. తెలంగాణలో మొదటి కేసు 2020 మార్చి 2న బయటపడింది. కోడిమాంసం తింటే వస్తుందని అప్పటికే పుకారు లేచింది. ఆ భయం పోగొట్టడానికి ఫిబ్రవరి చివర హైదరాబాదులో మంత్రులే వేదికెక్కి కోడిమాంసం తిని చూపించారు. ఒకరు వేడికి ఆ పురుగు చచ్చిపోతుందన్నారు, మరొకరు కషాయం చాలన్నారు. ఎవరి మాట పట్టుకోవాలో తెలియని ఆ రోజుల్లో ఫుట్‌బాల్ ఆగిపోయింది. మార్చి 9న ఇటలీలో, 12న స్పెయిన్‌లో, 13న ఇంగ్లండులో లీగులు నిలిచిపోయాయి. 14న గోవాలోని ఫటోర్డాలో మన దేశపు లీగు ఫైనల్ ఒక్క ప్రేక్షకుడైనా లేకుండా జరిగింది. వనపర్తిలో చదువుకుంటున్న ఒక విద్యార్థి ఆ మర్నాడు నాకు ఫోన్ చేసి అన్నాడు: "గంత పైసలొచ్చే ఆటను ఊరికెనే ఆపుతరా సార్? ఆపిండ్రంటే లోపల పెద్దదే ఉంటది."

ఈ మాటను తేలిగ్గా తీసుకోకూడదు. ఎవరేం చెబుతున్నారన్నది ఆ కుర్రవాడు లెక్కలోకి తీసుకోలేదు. ఎవరు ఏం పోగొట్టుకోవడానికి సిద్ధపడుతున్నారన్నదే చూశాడు. కోట్లు కురిపించే వ్యాపారం తనంతట తాను తాళం వేసుకుందంటే, దాన్ని మించిన సాక్ష్యం అతనికి అక్కర్లేదు. మనం పుస్తకాల్లో చదువుకుని చెప్పే భౌతికవాద తర్కాన్ని అతను తనకు తెలిసిన ఆట నుంచి రాబట్టుకున్నాడు. బెలారస్‌లో ప్రేక్షకులను రానిస్తూ లీగు ఆగకుండా నడుస్తున్నప్పుడు కూడా వాళ్ల హాస్టల్‌లో వాదన నడిచిందట. అక్కడ ఆడుతున్నారు కాబట్టి ఏమీ లేదని ఒకడంటే, అక్కడ ఆపమనే ధైర్యం ఎవరికీ లేదని మరొకడన్నాడట.

ఆ తర్వాత తెలిసిన సంగతులు వీళ్ల అనుమానాన్ని నిజం చేశాయి. ఫిబ్రవరి 19న మిలాన్‌లో అటలాంటా, వాలెన్సియా జట్ల ఆట జరిగింది. దాన్ని చూడటానికి బెర్గామో నుంచి 40 వేల మంది దాకా తరలివెళ్లారు. రెండు రోజులకే అక్కడికి దగ్గర్లోని కొదొన్యోలో వ్యాధి బయటపడింది. కొద్ది వారాల్లో బెర్గామో శవాల ఊరయింది. మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని మహమ్మారిగా పేర్కొన్న రాత్రే లివర్‌పూల్ మైదానంలో 52 వేల మంది కూర్చున్నారు. తమ ఊళ్లో ప్రేక్షకులకు తలుపులు మూసేసినా మాడ్రిడ్ నుంచి వచ్చిన 3 వేల మంది అభిమానులు వారిలో ఉన్నారు. "గోల్ కొట్టినప్పుడు పక్కోన్ని అలుముకుంటం గద సార్, గట్లనే అంటింది" అని నా విద్యార్థి వివరించాడు. రోగం ఎలా వ్యాపిస్తుందో చెప్పడానికి అంతకంటే సూటి అయిన దృశ్యం నాకు ఏ ప్రకటనలోనూ కనిపించలేదు.

రెండో దశ అంకెలది. లాక్‌డౌన్‌లో ప్రతి సాయంత్రం జిల్లాలవారీ లెక్కలు వచ్చేవి. కుర్రవాళ్లు వాటిని పాయింట్ల పట్టికలాగా చదివారు. ఏప్రిల్‌లో సూర్యాపేట, వికారాబాదులతో పాటు గద్వాల జిల్లాలో కేసులు పెరిగాయి. కృష్ణకు ఇవతల ఉన్న వనపర్తిలో మే మొదటి వారం నాటికి కూడా ఒక్క కేసు నమోదు కాలేదు. బీచుపల్లి వంతెనకు ఆ పక్క గద్వాల ఓడుతోంది, ఈ పక్క వనపర్తి గోల్ ఇవ్వని జట్టు! ఈ సంబరంలో క్రూరత్వం ఉంది. మనుషుల రోగం స్కోరయిపోయింది. కాని అదే పోలిక లోపలి నుంచి దానికి విరుగుడు కూడా పుట్టింది. గోల్ కీపరుగా ఆడే ఒక కుర్రవాడు స్నేహితుల సంబరాన్ని ఇలా అడ్డుకున్నాడు: "బాలు గోలు మీదికి కొట్టనే లేదు. కొట్టకుంటే గోలెట్ల పడుతది? టెస్టులెన్ని చేసిండ్రో ముందుగాల చెప్పమనున్రి."

సున్నా అంటే రోగం లేకపోవడం కావచ్చు, వెతకకపోవడమూ కావచ్చు. గణాంక శాస్త్రం చదివినవారు పేజీలకొద్దీ చెప్పేది ఇదే. పరీక్షలు చాలినన్ని చేయడం లేదని ఆ వేసవిలోనే తెలంగాణ హైకోర్టు ప్రభుత్వాన్ని నిలదీసింది. కోర్టు అడిగిన ప్రశ్ననే ఒక పల్లెటూరి గోల్ కీపరు తన అనుభవంలో నుంచి అడిగాడు. స్కోరును మాత్రమే చూసేవాడికీ ఆటను చూసేవాడికీ తేడా అక్కడుంది.

మూడో దశ నొప్పి కలిగించేది. ఢిల్లీలోని నిజాముద్దీన్ మర్కజ్‌కు వెళ్లివచ్చినవారిలో ఆరుగురు తెలంగాణలో మరణించారని మార్చి 30న ప్రకటన వచ్చింది. ఆ రాత్రి నుంచి రోగానికి ఒక మతం అంటగట్టారు. మన జట్టు, అవతలి జట్టు అన్న విభజన ఆట అభిమానికి ముందే అలవాటు. అందుచేత ఆ విషం వాళ్లలోకి సులువుగా దిగింది. ముస్లిం పండ్ల వ్యాపారులను వీధుల్లోకి రానివ్వవద్దన్న సందేశాలను పంచినవారిలో నా పాత విద్యార్థులూ ఉన్నారు. ఒక ఉపాధ్యాయుడిగా నేను సిగ్గుపడ్డ సందర్భం అది. నేను ఫోన్‌లో చేసిన బోధ ఏమీ పనిచేయలేదు. పనిచేసింది గద్వాలలో వాళ్ల జట్టులోనే ఒకడు వేసిన ప్రశ్న: "మరి మన గోలీ ఎవడ్రా?" వాళ్ల గోల్ కీపరు ముస్లిం. అతని వీధిని కట్టడి ప్రాంతంగా మూసివేశారు. ఆ ప్రశ్న తర్వాత అందరూ మారారని చెప్పను. ఇద్దరు ముగ్గురు మాత్రం కంచె దాకా వెళ్లి ఆ ఇంటికి పాలూ కూరగాయలూ అందించి వచ్చారు. ఆ ఆగస్టులో, విదేశీ తబ్లిగీ సభ్యులను బలిపశువులను చేశారంటూ బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం వారిపై కేసులను కొట్టివేసింది. ఆ తీర్పు ఎంతమందికి చేరిందో గాని, గోలీ మాట ఆ జట్టుకు నాలుగు నెలల ముందే చేరింది.

నాలుగోది నాగర్‌కర్నూల్ వైపు నుంచి విన్నది. అక్కడి ఒక తాపీ పనివాడు ముంబైలో పనిచేస్తూ, ఆదివారాలు మైదానం కంచె పట్టుకుని ఆటలు చూసి ఫుట్‌బాల్ అభిమాని అయ్యాడు. మే నెలలో నానా అగచాట్లు పడి ఊరు చేరితే, ఊరి మొగదల ముళ్లకంప అడ్డం వేసి ఉంది. చేతి మీద క్వారంటైన్ ముద్ర చూసి తెలిసినవాళ్లే పక్కకు జరిగారు. "సొంత గ్రౌండు అనుకొని వస్తి సారూ. ఈడ గూడ మనం బయటి జట్టే" అన్నాడు. అతని అవ్వ అన్న మాట ఇంకా గట్టిది: "మా కాలంల గత్తరొస్తే ఊరిడ్సి చేన్లకు పోతుంటిమి. మీరు పట్నమిడ్సి ఊరికొస్తుండ్రు. రోగం గాదు బిడ్డా మిమ్ముల తరిమింది, ఆకలి." పాత మాటా కొత్త మాటా ఆ గుమ్మంలో ఒకదాన్నొకటి పూరించాయి. వలస మీద వచ్చిన మన కవిత్వంలో నడక ఉంది. ఈ గుమ్మం మాత్రం అరుదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇదే కాలంలో పైనుంచి దిగివచ్చిన రూపకం యుద్ధం. మహాభారత యుద్ధం 18 రోజుల్లో గెలిచారనీ, ఈ యుద్ధానికి 21 రోజులు పడుతుందనీ 2020 మార్చి 25న ప్రధాని అన్నారు. మన కవులు కూడా ఆ రూపకాన్నే అందుకుని కనిపించని శత్రువనీ, తెల్లకోటు సైనికులనీ రాశారు. రోగాన్ని యుద్ధ భాషలో చెప్పడంలోని ప్రమాదాన్ని సూజన్ సాంటాగ్ 1978లోనే 'ఇల్‌నెస్ యాజ్ మెటఫర్' అనే పుస్తకంలో విమర్శించింది. యుద్ధంలో ప్రశ్న ద్రోహమవుతుంది, చావు త్యాగమవుతుంది, ఎవరూ జవాబు చెప్పనక్కర్లేదు. ఆటలో రెఫరీని ప్రశ్నించడం ప్రేక్షకుడి హక్కు. స్కోరును నమ్మకపోవడం అతని విద్య. ఒక్కడు గెలిపించలేడన్నది అతనికి ప్రతి ఆటా నేర్పే పాఠం. ఈ రెండు రూపకాల్లో ప్రజలు తమంతట తాము ఎంచుకున్నదేదో, వారి నెత్తిన పెట్టిందేదో రచయిత గుర్తించాలి.

ఆట రూపకం సంపూర్ణమని నేననడం లేదు. ఎవరూ కోరి ఈ ఆటలోకి దిగలేదు. దాని హద్దును కూడా వాళ్లే కనుగొన్నారు. వనపర్తి విద్యార్థి 2019లో గచ్చిబౌలికి వెళ్లి, అప్పుడే పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సి జట్టు ఆట చూసివచ్చాడు. 2020 ఏప్రిల్‌లో ఆ ప్రాంగణంలోనే క్రీడాకారుల కోసం కట్టిన 14 అంతస్తుల భవనాన్ని 1,500 పడకల కోవిడ్ ఆసుపత్రిగా మార్చారు. మరుసటి వేసవిలో, రెండో విడతలో, అతని తండ్రి జబ్బు పడి ఆసుపత్రిలో చనిపోయాడు. అంతకుముందు దాన్ని "రెండో హాఫ్" అన్నవాడు ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

2022 మార్చి 20న ఫటోర్డాలోనే మళ్లీ ఫైనల్ జరిగింది. ఈసారి మైదానం జనంతో నిండింది. కట్టిమని మూడు పెనాల్టీలు ఆపాడు, హైదరాబాద్ మొదటిసారి కప్పు గెలిచింది. ఆ రాత్రి ఆ కుర్రవాడు నాకు ఫోన్ చేశాడు. గెలుపు గురించి రెండు మాటలు చెప్పి ఆగాడు. తర్వాత అన్నాడు: "నాయిన ఉంటే తిడుతుండె సార్, ఇగ పండుకోరా అని."

సామాన్యుడు ఆపదను అర్థం చేసుకోవడానికి ఎంత దూరం ఆలోచిస్తాడో, ఎక్కడ పోలికలన్నీ పక్కన పెట్టి మౌనంగా నిలబడతాడో ఈ మాటల్లో ఉంది. మహమ్మారిపై కథ రాయబోయే యువ రచయితలకు నా మనవి ఒకటే. పాత్రకు మన రూపకాన్ని తొడిగే ముందు, అతనికి ఏ ఆట తెలుసో అడిగి తెలుసుకోండి.