హీరో చేతిలోని ఆ ఫోను ఏది?

తొంభైల నాటి సినిమా ఏదైనా టీవీలో వస్తుంటే ఈసారి కథను కాసేపు పక్కన పెట్టి, బల్ల మీద ఏమేం ఉన్నాయో చూడండి. మోడెమ్, ఫ్లాపీ, పేజర్, కార్డ్‌లెస్ ఫోను, వీసీఆర్... ఇప్పుడు ఇళ్ళలో కనబడని సామానంతా అక్కడే ఉంటుంది. వాటిలో చాలావరకు సినిమావాళ్ళు ఊహించి తయారుచేసినవి కావు, అప్పటికి బజారులో దొరుకుతున్నవే. అందుకే ఆ సినిమాలు కథలతో పాటు ఒక కాలపు వస్తువులను కూడా దాచిపెట్టాయి. వాటిలో కొన్నింటి సంగతులు ఇవి.

అరటిపండు ఫోనుకి స్ప్రింగు లేదు

‘ది మ్యాట్రిక్స్’ (1999)లో మీట నొక్కగానే టక్కున జారి తెరుచుకునే నల్ల ఫోను గుర్తుందా? అది నోకియా 8110. 1996లో వచ్చింది. ఒంపు తిరిగి ఉండడంతో ‘బనానా ఫోన్’ అని పేరు పడింది. అయితే కొట్లో కొన్న 8110 అలా తనంతట తాను తెరుచుకోదు. మూతను వేలితో కిందికి జరపాల్సిందే. ఆ స్ప్రింగు సినిమా కోసం ప్రత్యేకంగా అమర్చినది. 1999లో నోకియా తెచ్చిన 7110 మోడల్లో మాత్రం స్ప్రింగు మూత నిజంగానే ఉంది.

అదే సినిమాలో ఇంకో విశేషం. పాత్రలందరి చేతుల్లో సెల్‌ఫోన్లు ఉన్నా, మ్యాట్రిక్స్ అనే కంప్యూటర్ లోకంలోంచి బయటపడాలంటే మాత్రం తీగ ఉన్న ఫోను మోగాలి, రిసీవర్ ఎత్తాలి. ఉత్కంఠంతా సమయానికి ఆ ఫోను దగ్గరికి చేరడంలోనే ఉంటుంది. తెర మీద జలజలా రాలే ఆకుపచ్చ అక్షరాలను రూపొందించిన సైమన్ వైట్లీ, తన భార్య దగ్గరున్న జపనీస్ వంటల పుస్తకం నుంచి వాటిని తీసుకున్నానని తర్వాత చెప్పారు.

అమ్మాయి చెప్పింది నిజమే

‘జురాసిక్ పార్క్’ (1993)లో రాక్షసబల్లి తలుపు తోస్తుంటే లెక్స్ అనే అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని, ఇది యూనిక్స్, నాకు వచ్చు అంటుంది. తెర మీద దిమ్మెలు దిమ్మెలుగా లేచిన ఫైళ్ళ మీదుగా ఎగురుకుంటూ వెళ్తుంది. కంప్యూటర్ తెలిసిన ప్రేక్షకులు కూడా అది సినిమా కోసం కల్పించిన బొమ్మ అనుకున్నారు. కాదు. సిలికాన్ గ్రాఫిక్స్ కంపెనీ యూనిక్స్‌తో నడిచే తన కంప్యూటర్ల కోసం తయారుచేసిన ‘ఎఫ్‌.ఎస్‌.ఎన్‌.’ అనే ప్రోగ్రామ్ అది. కంట్రోల్ రూములో ఎర్ర దీపాలు మిణుకుమిణుకుమంటూ కనిపించే నల్ల బీరువాల రూపం కూడా సినిమావాళ్ళ ఊహ కాదు. థింకింగ్ మెషీన్స్ కంపెనీవారి సి.ఎం.-5 సూపర్ కంప్యూటర్ల రూపమే అది.

డి.టి.ఎస్. శబ్దం సినిమా హాళ్ళకు వచ్చింది కూడా ఈ సినిమాతోనే. ఆ పద్ధతిలో శబ్దం ఫిల్ము మీద ఉండదు, విడిగా సీడీల మీద ఉంటుంది. ఫిల్ము మీద బొమ్మ పక్కన సన్నని గీతల్లా ఒక టైమ్‌కోడ్ ముద్రిస్తారు. ప్రొజెక్టర్‌కి బిగించిన యంత్రం ఆ గీతలు చదువుతూ, బొమ్మకు సరిగ్గా జత కుదిరేలా సీడీని నడిపిస్తుంది. సీడీ మొరాయించినా ఆట ఆగదు, ఫిల్ము మీదున్న పాత పద్ధతి శబ్దం అందుకుంటుంది. మన ఊళ్ళలో థియేటర్ల వాళ్ళు బోర్డు మీదా వాల్‌పోస్టర్ మీదా ‘డి.టి.ఎస్‌.’ అని పెద్ద అక్షరాలతో వేసుకున్న రోజులు ఆ తర్వాతివే.

మూడు పెన్సిల్ సెల్స్‌తో నడిచిన కంప్యూటర్

‘టెర్మినేటర్ 2’ (1991)లో కుర్రాడు జాన్ కానర్ ఏటీఎమ్‌లో డబ్బు లాగడానికి వాడే చిన్న పెట్టె అటారీ పోర్ట్‌ఫోలియో. 1989లో వచ్చిన ఈ కంప్యూటర్‌కి 128 కిలోబైట్ల మెమరీ, మూడు పెన్సిల్ సెల్స్ ఆధారం. దాంతో ఏటీఎమ్‌ను దోచుకోవడం కుదిరే పని కాదు గానీ, జేబులో పట్టే కంప్యూటర్ అనే ఆశను అది ఎంతోమంది పిల్లల్లో నాటింది.

పిల్లలు ఉత్తరాలు రాసి తెప్పించుకున్న బొమ్మ

‘హోమ్ ఎలోన్ 2’ (1992)లో కెవిన్ చేతిలో ఒక క్యాసెట్ రికార్డర్ ఉంటుంది. పేరు టాక్‌బాయ్. తన గొంతు రికార్డు చేసి, నెమ్మదిగా తిప్పి, ఫోనులో వినిపించి, పెద్ద మనిషిలా హోటల్ గది బుక్ చేసుకుంటాడు. ఇది జరిగే పనే. టేపు నెమ్మదిగా తిరిగితే మాట సాగడమే కాదు, శ్రుతి కూడా దిగిపోతుంది. సెల్స్ అయిపోవచ్చిన టేప్‌రికార్డర్లో సన్నని గొంతు పాట బొంగురుగా వినిపించడానికి కారణం ఇదే.

టైగర్ ఎలక్ట్రానిక్స్ సినిమాతో పాటే టాక్‌బాయ్‌ని బజారులోకి తెచ్చింది. కానీ పిల్లలకు కావలసిన అసలు సంగతి, గొంతు మార్చే వేగం మీట, అందులో లేదు. పిల్లలు ఊరుకోలేదు. కంపెనీకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. 1993లో ఆ మీటతో డీలక్స్ టాక్‌బాయ్ వచ్చింది. సినిమాలో చూపించింది బజారులోకి వచ్చేదాకా పట్టుబట్టి సాధించారు ఆ పిల్లలు.

చాండ్లర్ ల్యాప్‌టాప్‌లో నాలుగు ఫోటోలు

అమెరికా టీవీ సీరియల్ ‘ఫ్రెండ్స్’ రెండో సీజన్లో, 1995లో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో చాండ్లర్ కొత్త ల్యాప్‌టాప్ తెచ్చి దాని గొప్పలు చెబుతాడు. 12 మెగాబైట్ల ర్యామ్, 500 మెగాబైట్ల హార్డ్ డిస్కు, సెకనుకు 28,000 బిట్లకు పైగా పంపే మోడెమ్. అప్పట్లో అది నిజంగా మంచి యంత్రమే. ఇవాళ సెల్‌ఫోనులో తీసిన ఫోటో 3 మెగాబైట్లు ఉందనుకుంటే, ఆ ర్యామ్‌లో నాలుగు ఫోటోలు పడతాయి. ఒక్క ఫోటో ఆ మోడెమ్ ద్వారా పంపాలంటే ఎంత బాగా పనిచేసినా దాదాపు 14 నిమిషాలు పడుతుంది.

‘సైన్‌ఫెల్డ్’ చూసేవారికి ఇంకో వేడుక. కథానాయకుడి ఇంట్లో బల్ల మీదుండే ఆపిల్ కంప్యూటర్ సీజన్లు గడిచేకొద్దీ మారుతూ వస్తుంది. సీరియల్ మొత్తం వరసగా చూస్తే తొంభైల ఆపిల్ చరిత్ర కళ్ళ ముందు నడుస్తుంది.

గ్రహాంతరవాసుల మీద గెలిచింది, బ్యాటరీ చేతిలో ఓడింది

‘ఇండిపెండెన్స్ డే’ (1996)లో గ్రహాంతరవాసుల నౌకలోకి వైరస్ పంపిన ల్యాప్‌టాప్ ఆపిల్ పవర్‌బుక్ 5300. అదే ఏడాది ‘మిషన్ ఇంపాజిబుల్’లో టామ్ క్రూజ్ ముందు ఉన్నదీ ఆ వరసలోదే. వెండితెర మీద ఇంత వెలిగిన ఈ యంత్రం బయట మాత్రం ఇబ్బందుల పాలైంది. 1995లో దాని లిథియం అయాన్ బ్యాటరీలకు మంటలు అంటుకోవడంతో ఆపిల్ వాటిని వెనక్కి తీసుకుని, నికెల్ బ్యాటరీలు పెట్టాల్సి వచ్చింది.

ఉత్తరం నుంచి చాటింగ్ దాకా మూడేళ్ళు

‘ది నెట్’ (1995)లో సాండ్రా బుల్లక్ కంప్యూటర్లోనే పిజ్జా ఆర్డర్ చేస్తే చాలామందికి అది భవిష్యత్తులా అనిపించింది. నిజానికి అంతకు ముందు ఏడాదే పిజ్జా హట్ కాలిఫోర్నియాలోని శాంటాక్రూజ్‌లో ‘పిజ్జానెట్’ మొదలుపెట్టింది.

‘యూ హావ్ గాట్ మెయిల్’ (1998) సినిమాకు ఆ పేరు ఇచ్చింది ఒక గొంతు. అమెరికా ఆన్‌లైన్‌ అనే ఇంటర్నెట్ సేవలో ఉత్తరం వచ్చిందని చెప్పే ఆ గొంతు ఎల్వుడ్ ఎడ్వర్డ్స్‌ది. 1989లో ఆయన ఇంట్లో కూర్చుని మామూలు క్యాసెట్ రికార్డర్‌లో నాలుగు ముక్కలు చెప్పారు. కోట్లమంది రోజూ విన్న గొంతుకు ఆయన అందుకున్నది 200 డాలర్లు. 2024లో ఆయన కన్నుమూశారు.

మన తెరల మీదా ఈ మార్పు కనిపిస్తుంది. 1996లో తమిళం నుంచి వచ్చిన ‘ప్రేమలేఖ’లో అజిత్, దేవయాని ఒకరి ముఖం ఒకరు చూడకుండా పోస్టులో నడిచే ఉత్తరాల మీద ప్రేమించుకుంటారు. మూడేళ్ళు తిరిగేసరికి 1999లో ‘ప్రేమికుల రోజు’ వచ్చింది. అందులో ప్రేమకు వేదిక ఇంటర్నెట్ చాటింగ్. ‘ప్రేమలేఖ’కు ముందు ఏడాదే, 1995 ఆగస్టు 15న వి.ఎస్‌.ఎన్‌.ఎల్‌. మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ మధ్యకాలంలో ఊళ్ళలో ఎస్టీడీ బూత్ పక్కన ఇంటర్నెట్ సెంటర్ బోర్డు లేచింది.

కాపీ తీస్తేనే బతుకుతారు

జపాన్ సినిమా ‘రింగు’ (1998)లో భయమంతా ఒక వీడియో క్యాసెట్‌లో ఉంటుంది. అది చూసినవారు ఏడు రోజుల్లో చనిపోతారు. తప్పించుకునే దారి ఒక్కటే, దానికి కాపీ తీసి ఇంకొకరికి చూపించడం. రెండు వీసీఆర్లు కలిపి ఇంట్లోనే క్యాసెట్ కాపీ చేసుకోగలిగిన కాలం కాబట్టే ఆ కథ పుట్టింది.

కాపీ వల్ల నిజంగా బతికిన సినిమా ‘టాయ్ స్టోరీ 2’ (1999). 1998లో పిక్సార్ స్టూడియోలో పొరపాటున ఇచ్చిన ఒక్క కమాండుతో ఆ సినిమా ఫైళ్ళు చూస్తుండగానే మాయమవడం మొదలైంది. బ్యాకప్ తెరిస్తే అదీ సరిగా లేదని తేలింది. అప్పుడు సూపర్‌వైజింగ్ టెక్నికల్ డైరెక్టర్ గాలిన్ సుస్మన్‌కి ఒక సంగతి గుర్తొచ్చింది. బిడ్డ పుట్టాక ఇంటి నుంచి పనిచేయడానికి ఆమె ఫైళ్ళ నకలు ఇంటి కంప్యూటర్లో పెట్టుకున్నారు. ఆ కంప్యూటర్‌ని దుప్పట్లలో చుట్టి, కారులో జాగ్రత్తగా స్టూడియోకి తీసుకొచ్చారు. కథ నచ్చక పిక్సార్ తర్వాత చాలా భాగాన్ని మళ్ళీ తీసింది, అది వేరే సంగతి. ఆనాటికి మాత్రం వందలమంది కష్టాన్ని కాపాడింది ఒక ఇంట్లో ఉన్న నకలే.

మీ బీరువాలో ఏముంది?

సినిమాలకు నకళ్ళు ఉన్నాయి. కంపెనీలు వాటిని ఎప్పటికప్పుడు కొత్త రూపంలోకి మారుస్తూనే ఉంటాయి. మన ఇళ్ళలోని క్యాసెట్ల సంగతి అలా కాదు. హాలోజెన్ లైటు వెలుగులో కళ్ళు చికిలిస్తూ అమ్మానాన్నలు తలంబ్రాలు పోసుకున్న పెళ్ళి వీడియో, మధ్యమధ్య హృదయం ఆకారంలో బొమ్మ తెరుచుకునే ఆ మిక్సింగు, ఇప్పుడు మన మధ్య లేని తాతగారు నడిచి వచ్చే రెండు నిమిషాలు... వీటికి చాలా ఇళ్ళలో ఒక్కటే క్యాసెట్.

వీడియో టేపు మీద బొమ్మను పట్టి ఉంచేది ప్లాస్టిక్ రిబ్బను మీది పలచని అయస్కాంతపు పూత. మన వాతావరణంలో దానికి చెమ్మ తగిలితే బూజు పడుతుంది. పైగా వాటిని చూపించే యంత్రాలే కరువైపోతున్నాయి. జపాన్‌కి చెందిన ఫునాయ్ కంపెనీ 2016లో వీసీఆర్ల తయారీ ఆపేసింది.

కాబట్టి ఈ ఆదివారం బీరువా అడుగున చూడండి. క్యాసెట్ దొరికితే దానికుండే చిన్న కిటికీలోంచి రిబ్బను గమనించండి. తెల్లగా పొడిలా ఉంటే దాన్ని వీసీఆర్లో పెట్టవద్దు, తెలిసినవారితో శుభ్రం చేయించండి. బాగుంటే ఆలస్యం చేయకుండా ఊళ్ళో ఫోటో స్టూడియోవారిని అడిగి డిజిటల్‌లోకి మార్పించండి. ఒక నకలు మీ దగ్గర, ఇంకొకటి వేరే ఊళ్ళో ఉన్న అన్నదమ్ముల దగ్గరో అక్కచెల్లెళ్ళ దగ్గరో ఉంచండి.