ఆఫ్రికాకు మన పత్తిచేలు చెప్పాల్సింది

2023 సెప్టెంబరు 9న ఢిల్లీలో ఆఫ్రికన్ యూనియన్‌ను జీ-20లో శాశ్వత సభ్యురాలిగా చేర్చుకున్నారు. అందుకు పట్టుబట్టింది మన దేశమే. పేద దేశాలకు పెద్ద దిక్కు తానేనని భారత్ ఎప్పటినుంచో అంటోంది. 2008, 2011, 2015ల్లో భారత్-ఆఫ్రికా సదస్సులు జరిగాయి. మూడోదానికి నలభైమందికి పైగా దేశాధినేతలు వచ్చారు. ఆ తర్వాత పదేళ్లపాటు నాలుగోది జరగలేదు. చైనా మాత్రం 2000 నుంచి మూడేళ్లకోసారి ఆఫ్రికా దేశాలతో సమావేశమవుతూనే ఉంది. డబ్బులో మనం దానికి సాటిరాలేం.

పత్తి సంగతి వేరు. అమెరికా సబ్సిడీలతో మా రైతుకు ధర రావడం లేదని బెనిన్, బుర్కినా ఫాసో, చాద్, మాలి 2003లో ప్రపంచ వాణిజ్య సంస్థ ముందు మొరపెట్టుకున్నాయి. ఆఫ్రికాలో పత్తి పండించే దేశాల కోసం 2012లో భారత్ సాంకేతిక సహాయ కార్యక్రమం మొదలుపెట్టింది. మంచి పనే. కానీ అక్కడి రైతుకు మనం ఏం చెబుతున్నాం?

ఏం చెప్పాలో గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడిని అడిగితే చెబుతుంది. 1980ల్లో కొత్తరకం పైరెత్రాయిడ్ మందులు వచ్చాయి. మొదట కాయతొలుచు పురుగు చచ్చింది, దాంతోపాటు మిత్రపురుగులూ చచ్చాయి. తెల్లదోమ విరుచుకుపడింది. ఆకు తిరగేస్తే అడుగున తెల్లటి నలుసులు. అవి విసర్జించే జిగురు కింది ఆకుల మీద పడి, దానిమీద మసిలాంటి బూజు పట్టేది. దూది నల్లబడితే ధర తెగ్గోసేవారు. మళ్లీ మందు, అదీ కొట్లో అప్పు మీద. 1987-88లో ఈ రెండు జిల్లాల్లో పత్తిరైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు.

2002లో కాయతొలుచు పురుగును తట్టుకునే జన్యుమార్పిడి పత్తి, బీటీ వచ్చింది. గుజరాత్‌లో గులాబీరంగు పురుగు మొదటితరం బీటీని తట్టుకుందని 2010లో విత్తన కంపెనీయే ఒప్పుకుంది. తర్వాత మన చేలల్లోనూ ఆ పురుగు పట్టి విచ్చుకోని గుడ్డిపూలు కనిపించాయి. బుర్కినా ఫాసో అనుభవం ఇంకోరకం. 2008లో బీటీ వేశారు. పురుగు తగ్గింది గానీ పింజ పొడవు తగ్గి, నాణ్యతకు పేరున్న అక్కడి దూదికి గిరాకీ దెబ్బతింది. 2016లో వదిలేశారు. విత్తనం కొనేముందు ఏమేం అడగాలో వాళ్లదగ్గర మనమూ నేర్చుకోవచ్చు.

అందుకే ఆఫ్రికా శాస్త్రవేత్తలను, రైతులను గుంటూరు దగ్గరి లాం వ్యవసాయ పరిశోధన కేంద్రానికి, అక్కడినుంచి ప్రత్తిపాడు, పర్చూరు చేలకు తీసుకురండి. దిగుబడి లెక్కలతో పాటు అప్పుల లెక్కా చూపించండి. మన రైతును వాళ్లతో నేరుగా మాట్లాడనివ్వండి. ఓడిన సంగతి దాచి నాయకత్వం కోరితే ఆఫ్రికా నమ్మదు, నమ్మకూడదు కూడా.