ఎరవు దృశ్యములు – సొంత దృశ్యములు

అవధాన సభలలో సమస్యాపూరణమను అంశము మనకు తెలిసినదే. పృచ్ఛకుడు ఒక పద్యపాదమును ఇచ్చును. అది చూచుటకు అర్థరహితముగనో, అనుచితముగనో ఉండును. అవధాని ఆ పాదమున ఒక్క అక్షరమైనను మార్చడు. తనవి మూడు పాదములు చేర్చును. అంతట ఆ వికటమైన పాదమే సమంజసమైన అర్థము నిచ్చును. పాదము పృచ్ఛకునిది, పద్యము అవధానిది. ఇందు దొంగతనమున్నదని ఎవ్వరును అనరు. ఏలయన, ఇచ్చిన పాదమేదో, పూరించిన పాదములేవో సభకంతటికిని తెలియును.

నేడు కళాశాలలలో చిత్రకళ నభ్యసించు విద్యార్థులు కొందరు ఇట్టి పనినే వీడియోతో చేయుచున్నారు. పాత సినిమాలనుండి, వార్తాచిత్రములనుండి, టెలివిజను ప్రసారములనుండి కొన్ని దృశ్యములను తీసికొందురు. తాము స్వయముగా తీసిన దృశ్యములను వాటి నడుమ చేర్తురు. ఆ కూర్పువలన క్రొత్త భావము పుట్టించుటకు యత్నింతురు. దీనికి కథ ఉండవలెనని గాని, నటులుండవలెనని గాని నియమము లేదు. దీనిని వీడియో కళ యందురు. మన బడి పిల్లలలో పలువురి యిండ్లలో సెల్‌ఫోను ఉన్నది గనుక ఈ కళ వారికిని అందుబాటులోనిదే. కాని ఇది కళయా, పరుల సొత్తు నపహరించుటయా అను సందేహము తల్లిదండ్రులకు కలుగుట సహజము. ఆ సందేహమును తీర్చుటకు ముందు, ఈ కళ ఎట్లు పనిచేయునో తెలిసికొనవలెను.

దృశ్యమునకు అర్థము దానియందే పూర్తిగా ఉండదు. ప్రక్కనున్న దృశ్యమునుండియు కొంత అర్థము వచ్చును. రష్యా దేశీయుడగు లెవ్ కులెషోవ్ అను దర్శకుడు 1920 ప్రాంతమున దీనిని పరీక్షించెనని చెప్పుదురు. మొజ్యూహిన్ అను ప్రసిద్ధ నటుని ముఖమును ఒక పాత చిత్రమునుండి అతడు తీసికొనెను. ఆ ముఖమున ప్రత్యేకమైన భావమేదియు లేదు. దాని ప్రక్కన ఒకసారి సూపు గిన్నెను, ఒకసారి శవపేటికను, ఒకసారి ఒక స్త్రీని చూపెను. చూచినవారు ఆ నటుడు ఆకలిని, దుఃఖమును, అనురాగమును అద్భుతముగా అభినయించెనని మెచ్చుకొనిరట. మూడు తావులందును ఉన్నది ఒక్క ముఖమే! అభినయము నటునిది కాదు, కూర్పుది. ఇంకను చెప్పవలెనన్న, చూచువాని మనస్సుది. ఎరవు దృశ్యములతో చేయు కళకంతటికిని ఇదియే మూలసూత్రము.

ఈ సూత్రమును చరిత్ర రచనకు వినియోగించిన స్త్రీ ఎస్ఫిర్ షూబ్. ఆమె 1927లో రోమనోవ్ రాజవంశ పతనమును గూర్చి ఒక చిత్రమును కూర్చెను. రెండవ నికొలాసు చక్రవర్తి ఆస్థాన ఛాయాగ్రాహకులు తీసిన చిత్రములును, నాటి వార్తాచిత్రములును ఆమెకు సామగ్రి. ఒకచోట ప్రభువర్గమువారు ఓడపై నృత్యము చేసి చెమటలు తుడుచుకొనుచుందురు. వెంటనే మట్టి త్రవ్వుచు చెమటలు కార్చు కూలీలు కనబడుదురు. ఏ దృశ్యమునందును అబద్ధము లేదు. నృత్యమును చిత్రించినవాడు ప్రభువుల వినోదము కొరకే చిత్రించెను. కాని కూలీల ప్రక్కన చేరినంతనే ఆ వినోదదృశ్యము ప్రభువులపై సాక్ష్యముగా మారినది. ఎవరు ఎవరి చెమటపై బ్రతికిరో వ్యాఖ్యానము లేకయే తెలియుచున్నది.

అమెరికా దేశమున బ్రూస్ కానర్ అను కళాకారుడు 1958లో ‘ఎ మూవీ’ అను పన్నెండు నిమిషముల చిత్రమును చేసెను. కెమెరా పట్టి ఒక్క దృశ్యమునైనను తీయక, అంగడిలో దొరకు పాత ఫిలిము చుట్టలనుండి గుఱ్ఱపు స్వారీలను, మోటారు పందెములను, ప్రమాదములను, యుద్ధములను ఏరి అతికించెను. మొదట పరుగులు చూచి మనము నవ్వుదుము. పరుగు ప్రమాదమగును, ప్రమాదము వినాశమగును. క్రమముగా నవ్వు ఆగిపోవును. జలాంతర్గామి యందలి నావికుడు పెరిస్కోపులో చూచుట, ఒక స్త్రీ కనబడుట, అతడు ఆజ్ఞ నిచ్చుట, అణుబాంబు ప్రేలుట – ఈ దృశ్యములు వేర్వేరు చిత్రములలోనివి. ఒకదాని వెనుక నొకటి రాగానే వాటి నడుమ కార్యకారణ సంబంధమున్నట్లు మనకు తోచును. ఆ సంబంధమును కల్పించుకొన్నది మనమే. సినిమా మనలను ఎట్లు నమ్మించుచున్నదో కానర్ సినిమా ముక్కలతోనే చూపించెను.

అటుపిమ్మట టెలివిజను వచ్చినది. 1967లో సోనీ సంస్థ ఒక మనిషి మోసికొనిపోగల వీడియో పరికరమును అమ్మకమునకు పెట్టగా, చిత్రములు తీయు శక్తి సామాన్యుల చేతికి రాసాగినది. 1978–79లో డారా బిర్న్‌బామ్ అను కళాకారిణి ‘వండర్ ఉమన్’ అను టెలివిజను ధారావాహికనుండి కొన్ని ముక్కలను తీసికొనెను. సాధారణ యువతి గిరగిర తిరిగి, పెద్ద వెలుగులో వీరనారిగా మారు దృశ్యమది. దానిని ఆమె పలుమారులు వరుసగా చూపెను. ఒకసారి చూచిన అద్భుతము. పదిసార్లు చూచిన యంత్రము! స్త్రీకి శక్తి రావలెనన్న వేషము మారవలెనా యను ప్రశ్న చూపరి మనస్సున దానంతటదే పుట్టును. పునరుక్తి కావ్యమున దోషమందురు; ఇచట అదియే గుణమైనది.

ఎరవు ఎల్లప్పుడు పరులనుండియే కానక్కరలేదు. మన దేశమున వీడియో కళకు మార్గదర్శకులలో ఒకరగు నళినీ మలానీ 1969లో బొంబాయిలో చిన్న చిన్న గృహనమూనాలతో రంగుల చిత్రమును తీసిరి. క్రొత్త నగరములను గూర్చి నాటివారికి ఎన్నో ఆశలుండెడివి. 1976లో బొంబాయి నగరమునే నలుపు తెలుపులలో చిత్రించి, పాతదానిని క్రొత్తదానిని ప్రక్క ప్రక్కన చూపిరి. ‘యుటోపియా’ అను ఆ కృతిలో ఒక తెరపై కల, ఇంకొక తెరపై వాస్తవము ఉన్నవి. తన పాత పనినే ఎరవు తెచ్చుకొని, ఏడేండ్ల తరువాత ఆమె తానే పూరించిన సమస్య అది.

ఓపిక విషయమున క్రిస్టియన్ మార్‌క్లే అను కళాకారుని చెప్పుకొనవలెను. ఆయన ‘ది క్లాక్’ అను కృతిని 2010లో ప్రదర్శించెను. గడియారములు కనబడు సినిమా ముక్కలను వేలకొలదిగా ఏరి, ఇరువదినాలుగు గంటల నిడివిగా అమర్చెను. తెరపై గడియారమున మధ్యాహ్నము రెండు గంటలైనచో, చూచువాని చేతి గడియారమునందును రెండే అగును. 2011లో వెనిస్ నగరపు కళాప్రదర్శనమున ఆయనకు స్వర్ణసింహ బహుమానము లభించినది.

ఇక తల్లిదండ్రుల ప్రశ్నకు వత్తము. ఇది దొంగతనమా? మొదట చట్టమేమనునో చూతము. మన దేశపు కాపీరైటు చట్టము 1957 నాటిది. దానిననుసరించి సినిమాపై హక్కు, అది విడుదలయైన మరుసటి సంవత్సరారంభమునుండి అరువది యేండ్లు నిలుచును. 1950లో విడుదలయైన చిత్రముపై హక్కు 2010 సంవత్సరాంతమున తీరినది. అయినను అందలి పాటల సాహిత్యముపై రచయితకు వేరే హక్కు ఉండును. అది ఆయన మరణానంతరము అరువది యేండ్లవరకు నిలుచును. విమర్శకొరకును, సొంత అధ్యయనముకొరకును న్యాయమైన మేరకు వాడుకొనుటను అదే చట్టము 52వ సెక్షనులో అనుమతించుచున్నది. ఇవి గాక, హక్కుదారులే ఎల్లరును వాడుకొనవచ్చునని విడిచిన చిత్రములు పెక్కు కలవు. అమెరికా కాంగ్రెసు గ్రంథాలయము 2002లో స్వీకరించిన ప్రెలింగరు సంగ్రహములోని చిత్రములు వేలకొలదిగా ఇంటర్నెట్టులో ఉచితముగా లభించుచున్నవి. బడిపిల్లలు ఇట్టి తావులనుండి తీసికొనుట క్షేమకరము.

చట్టమునకు మించినది ధర్మము. ఎరవు దృశ్యములతో రెండు విధముల పనులు చేయవచ్చును. ఒకటి షూబ్ చేసిన పని, కానర్ చేసిన పని. రెండవది మనకు వాట్సాపులో నిత్యము కనబడుచున్నది. ఎక్కడనో ఎన్నడో వచ్చిన వరదను నేటి వరద యని పంపుదురు. ఒక దేశపు కొట్లాటను మన పొరుగూరి కొట్లాట యని నమ్మింతురు. ఉపాయమొక్కటే – ఒక దృశ్యమును దాని తావునుండి పెరికి మరియొక తావున నాటుట. భేదమెచటనున్నది? కళాకారుడు అతుకును చూపును. మోసగాడు అతుకును దాచును. అవధాని సమస్యను తన పాదమని చెప్పుకొనడు గదా! తన చేతులతో నాలుగు దృశ్యములు అతికి చూచిన విద్యార్థి, ఇతరులు అతికినదానిని చూచినప్పుడు “ఇది ఎచటిది? ఎప్పటిది? దీని ముందేమున్నది?” అని తప్పక అడుగును. ఈ ఒక్క ప్రయోజనము చాలును, ఈ విద్యను పిల్లలకు నేర్పుటకు.

ఒక ఉదాహరణము చెప్పెదను. మన హోసూరు ప్రాంతపు విద్యార్థిని యొకతె వ్యవసాయమును గూర్చి ఐదు నిమిషముల వీడియో చేయదలచినదనుకొందము. ఎద్దులతో కపిల తోలి బావినుండి నీరు తోడు దృశ్యము ఆమెకు హక్కు తీరిన ఒక పాత చిత్రమున దొరకినది. అందలి వ్యాఖ్యానము వేరొక భాషలో ఉన్నది. ఆమె ఆ ధ్వనిని తీసివైచి, తాతగారిని కూర్చుండబెట్టి ఆ దృశ్యమును చూపును. ఆయన చూచుచు చెప్పు మాటలను – ఎద్దులు వెనుకకు నడచుట, బాన మునుగుట, మోకు బిగియుట – సెల్‌ఫోనులో పట్టును. పాత దృశ్యముపై ఆ కంఠమును ఉంచును. తరువాత నేటి గులాబితోటలో బోరు మోటారు ధ్వనిని, తాతగారి చేతులను తానే తీసి చేర్చును. ఓపెన్‌షాట్ వంటి ఉచిత సాఫ్టువేరుతో ఇంట కంప్యూటరున్నవారు ఈ కూర్పు చేసికొనవచ్చును.

ఇప్పుడామె ముందు ఒక పరీక్ష నిలుచును. ఆ పాత దృశ్యములోని బావి మన ఊరి బావి కాదు. తాతగారి కంఠము దానిపై పడగానే చూపరులు అది మన ఊరిదేయని నమ్ముదురు; కులెషోవ్ చూపిన మహిమ అదియే గదా. ఆమె ఊరకున్నచో వీడియో మరింత రమ్యముగానుండును, కాని అబద్ధమగును. “ఈ బావి మాది కాదు, మా బావిని ఎవరును చిత్రించలేదు” అని తెరపై రెండు వాక్యములు వ్రాసినచో రమ్యత ఏమియు తగ్గదు. పైగా ఆ వీడియోకు అసలు విషయము అప్పుడే దొరకును. మన బావిని ఎవరును ఏల చిత్రించలేదు? ఈ ప్రశ్నయే ఆమె పూరింపవలసిన సమస్య.

ఈ ప్రశ్న మనవంటివారికి మిక్కిలి ముఖ్యమైనది. దాచుకొన్నదానినే ఎరవు తెచ్చుకొనగలము. తొలి తెలుగు టాకీయగు ‘భక్త ప్రహ్లాద’ 1932లో విడుదలయైనది. దాని ప్రతి యొక్కటియు నేడు లభించుట లేదు. జాతీయ చలనచిత్ర సంగ్రహాలయము పుణెలో ఏర్పడునప్పటికి 1964 వచ్చినది. అంతలో ఎన్నో చిత్రములు నశించినవి. వేలమంది చూచిన సినిమాకే ఆ గతి పట్టగా, తమిళ కన్నడ భాషల నడుమ మన అవ్వలు తాతలు మాట్లాడు ఈ పొలిమేర తెలుగునకు ఏ సంగ్రహాలయమున చోటు దొరకును? పాఠ్యపుస్తకములోని తెలుగు వేరు, సినిమాలోని తెలుగు వేరు, విసురురాయి దగ్గర అవ్వ మాట్లాడు తెలుగు వేరు. మొదటి రెండును ఎరవు దొరకును. మూడవది మనము తీసిననే ఉండును.

విద్యార్థులారా! ఈ వేసవి సెలవులలో ప్రయత్నింపుడు. మూడు నిమిషముల కంటె పొడవు వలదు. ఎరవు దృశ్యము సగమునకు మించకుండ చూచుకొనుడు. ఎవరిని చిత్రించినను ముందుగా వారి అనుమతి అడుగుడు. తీసినదానిని మొదట వారికే చూపి, వలదన్న భాగమును తీసివేయుడు. చివర తెరపై ఎరవు తెచ్చినవి ఏవో, ఎచటినుండియో, సొంతమైనవి ఏవో వరుసగా వ్రాయుడు. తీసిన మూల దృశ్యములను చెరిపివేయక వేరొక తావున కూడ భద్రపరచుడు. మీరు నేడు సొంతముగా తీసినది, నలువదియేండ్ల తరువాత వేరొక విద్యార్థికి ఎరవు దృశ్యమగును. ఆ విద్యార్థికి మీ అవ్వ కంఠము స్పష్టముగా వినబడునట్లు, సెల్‌ఫోనును ఆమె దగ్గరగా పట్టుకొనుడు.