ఊలు టోపీకి మొగ్గల అంచు

విశాఖపట్నం: రేవు పట్నంలో ఊలు టోపీతో పెద్దగా పని పడదు. ఘాటెక్కి, 2022లో అల్లూరి జిల్లాలో చేరిన లంబసింగి, చింతపల్లి వైపు వెళితే పుష్యమాసపు చలికి పసిబిడ్డ నెత్తిన అది ఉండి తీరాలి. ఇంట్లో అల్లే టోపీలకు అంచుతోనే చిక్కు. మొదటి వరుస బిగిస్తే బిడ్డ నుదుట గీత పడుతుంది. వదులుగా వేసుకోవడానికి వీలై, చూడముచ్చటగానూ ఉండేది మొగ్గల అంచు. నరసాపురం లేసులా దీనికి కొక్కెం సూది అక్కర్లేదు. అల్లే రెండు సూదులే చాలు.

ఎడమ సూదికి ముడి వేసి, అందులోంచి కుడి సూదితో ఊలు లాగి, ఆ ఉచ్చును మళ్లీ ఎడమ సూదికే తొడగాలి. ముడితో కలిపి ఇలా 5 కుట్లు కావాలి. ఇక 2 కుట్లు అల్లి, మొదటిదాన్ని రెండోదాని మీదుగా దాటించి వదిలేయాలి. ఇంకొకటి అల్లి, మళ్లీ అలాగే చేయాలి. 2 కుట్లు పోయి, ఒక మొగ్గ లేస్తుంది. కుడి సూదిపై మిగిలిన కుట్టును ఎడమ సూదికి మార్చి, కొత్తగా మరో 5 వేసుకోవాలి. మొగ్గకు మిగిలేవి 3 కుట్లే. 60 కుట్లు కావాలంటే 20 మొగ్గలు లేవాలి. మామూలు అంచు కంటె ఊలూ ఎక్కువే, పొద్దూ ఎక్కువే. చేతి బిగువు ఉన్నవారు ఈ వరుసకు ఒక నంబరు లావు సూది తీసుకోవాలి. ఆ పైన టోపీ ఎప్పటిలాగే అల్లుకోవచ్చు.